సుకన్య సమృద్ధి అకౌంట్ రివ్యూ: మెయింటెనెన్స్ (భరణం) డబ్బులు దాచడానికి పనికొస్తుందా?

సుకన్య అంటే ఆడపిల్ల పేరున పోస్టాఫీసులోనో బ్యాంకులోనో తెరిచే గవర్నమెంటు పొదుపు అకౌంట్. దాని గురించి ఎక్కడ చూసినా ఒకటే లెక్క, నెలకి ఇంత కడితే పాప పెళ్లికి అన్ని లక్షలు, వడ్డీ ఇంత, ట్యాక్స్ లేదు అని. అవన్నీ నిజమే, కాదనను. కానీ అవి అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉన్న పిల్లల కోసం రాసినవి. మా ఇల్లు అలా కాదు. నాకు మొదటి పెళ్లిలో పాప, మావారికి ఆయన మొదటి పెళ్లిలో బాబు. పాప నా దగ్గరే ఉంటుంది, బాబు వాళ్లమ్మ దగ్గర ఉంటాడు, దసరాకీ సంక్రాంతికీ ఎండాకాలం సెలవులకీ వస్తాడు. పాప వాళ్ల నాన్న కోర్టు ఆర్డర్ ప్రకారం నెలకి 6 వేలు వెయ్యాలి, మావారు బాబుకి నెలకి 8 వేలు పంపాలి. ఒకే ఇంటికి ఒక భరణం వస్తుంది, ఇంకోటి పోతుంది. ఇలాంటి ఇంట్లో సుకన్య ఎలా పనిచేస్తుందో ఎవరూ రాయలేదు, అందుకే నేను రాస్తున్నా, కొంచెం పొడుగవుతుంది.

ముందు మా అత్తయ్యగారి లెక్క చెప్పాలి, ఎందుకంటే అకౌంట్ తెరిచిందే ఆ లెక్క వల్ల. ఆవిడ చెడ్డ మనిషి కాదు, పాపకి జడ వేసేది ఆవిడే, టిఫిన్ బాక్సు సర్దేది ఆవిడే. కానీ నెల మొదట్లో డైరీ ముందేసుకుని కూర్చుంటారు, పాలు ఇంత, కరెంటు ఇంత, గ్యాస్ ఇంత. ఒకసారి ఆ డైరీలో పక్కపక్కన 6 అనీ 8 అనీ వేసి గీత గీసి కింద 2 అని రాశారు. "చూడమ్మాయ్, వచ్చేది ఆరు, పోయేది ఎనిమిది, మనకి చేతి నుంచి పడేది రెండే, ఆ ఆరూ అటు తిప్పెయ్యండి, అబ్బాయి జీతంలోంచి రెండు తీస్తే సరిపోతుంది" అన్నారు. వినడానికి ఎంత తేలిగ్గా ఉందో చూడండి. లెక్కలో తప్పు కూడా లేదు. కానీ జరిగేదేంటి, మా పాప తిండికీ చదువుకీ అని కోర్టు ఇప్పించిన డబ్బు, పాపకి ఏమీ కాని ఇంకో పిల్లాడి ఫీజుకి పోతుంది, ఆ పిల్లాడి నాన్న ఇవ్వాల్సింది ఇంకెవరో ఇచ్చినట్టవుతుంది. అత్త సొమ్ము అల్లుడు దానం అంటారే, అది. పైగా ఆ 6 వేలు ఏ నెలన్నా లేటైందనుకోండి, అటు 8 వేలు మాత్రం టైముకి పంపాల్సిందే కాబట్టి ఇంట్లో మొహాలు మారిపోతాయి, "మీ వాళ్లది ఇంకా పడలేదా" అని అడుగుతారు. ఆ మీ వాళ్లది అన్న మాట ఎనిమిదేళ్ల పిల్ల వింటుంది. వినపడనట్టు బొమ్మలు వేసుకుంటూ ఉంటుంది గానీ వింటుంది.

అవతల పాప వాళ్ల నాన్నది ఇంకో అనుమానం. నా డబ్బుతో ఆ కొత్తాయన బండి ఈఎంఐ కడుతున్నారేమో అని మధ్యవర్తుల దగ్గర అన్నాడట. ఇటు అత్తయ్యగారికీ, అటు పాప వాళ్ల నాన్నకీ ఒకేసారి నోరు మూయించే వస్తువు ఏదన్నా ఉందా అని వెతికితే దొరికింది ఈ పోస్టాఫీసు పాస్‌బుక్కే. వడ్డీ చూసి తెరవలేదు నేను, తాళం చూసి తెరిచా.

ఆ తాళం ఎలాంటిదంటే, పాపకి 18 నిండేవరకో పది పాసయ్యేవరకో అందులోంచి రూపాయి తియ్యలేం. నేను కూడా. అప్పుడు కూడా చదువుకోసమే, అంతకుముందు మార్చి నెలాఖరుకి ఉన్న నిల్వలో సగం వరకే, కాలేజీ అడ్మిషన్ కాగితమో ఫీజు స్లిప్పో చూపించాలి, ఆ ఫీజుకి మించి ఇవ్వరు. దీని మీద లోను కూడా రాదు. మామూలుగా రివ్యూల్లో ఇది మైనస్ కింద రాస్తారు. నాకు ఇదే పెద్ద ప్లస్. ఇంట్లో ఫ్రిజ్ పాడైందనో, ఆడపడుచు సీమంతం అనో, బాబుకి ట్యూషన్ టర్మ్ ఫీజనో ఎవరడిగినా "అందులోంచి రావు అత్తయ్యా, గవర్నమెంటే ఇవ్వదు" అంటే అయిపోయింది. నేను కాదన్నట్టు కాదు, పోస్టాఫీసు కాదన్నట్టు. ఆడవాళ్లకి ఈ సౌకర్యం విలువ తెలుసు.

కానీ 6 వేలూ అందులో వెయ్యొద్దు. భరణం ఇచ్చేది ఇప్పుడు తినడానికి, ఇప్పటి స్కూల్ వ్యానుకి, ఇప్పటి చెప్పులకి. అది మొత్తం దాచేసి పాప ఖర్చంతా మావారి జీతం మీద వేస్తే అదీ న్యాయం కాదు కదా. 3 వేలు సుకన్యకి, 3 వేలు పాప ఖర్చుకి అని విడగొట్టా, మిగతాది నా జీతంలోంచి. అత్తయ్యగారి డైరీలో ఇప్పుడు పాపకి వేరే పేజీ ఉంది.

ఇక అకౌంట్ తెరవడం. ఫారం చిన్నదే, పాప బర్త్ సర్టిఫికెట్, నా ఆధార్, పాన్, ఫొటోలు, మొదట కనీసం 250 రూపాయలు. పాపకి పదేళ్లు నిండకముందే తెరవాలి. మామూలు ఇళ్లల్లో అరగంట పని అంటున్నారు. మాకు కౌంటర్ దగ్గర అసలు కథ మొదలైంది. బర్త్ సర్టిఫికెట్‌లో నా పేరు పక్కన మొదటాయన ఇంటిపేరు, ఆధార్‌లో మావారి ఇంటిపేరు. కౌంటర్‌లో ఉన్నాయన సర్టిఫికెట్ చూశాడు, ఆధార్ చూశాడు, పక్కన నుంచున్న మావారిని చూశాడు, ఆయన ఆధార్ అడిగాడు, ఆ పేరు బర్త్ సర్టిఫికెట్‌లో లేదు. "మేడమ్, పాప ఫాదర్ సంతకం కావాలి" అన్నాడు. "ఫాదర్ ఈ ఊళ్లో ఉండరండి" అన్నా. "మరి ఈయన?" అన్నాడు. వెనక లైన్లో పెన్షన్ కోసం వచ్చిన పెద్దవాళ్లంతా మెడలు చాచి చూస్తున్నారు. మావారు పాపం ఫ్యాన్ వైపు చూస్తూ నుంచున్నారు.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. తండ్రి సంతకం అక్కర్లేదు. అమ్మ ఒక్కతే గార్డియన్‌గా తెరవచ్చు, స్కీమ్‌లోనే అమ్మ గానీ నాన్న గానీ అని ఉంది. ఇది ఊరికే వచ్చిన హక్కు కూడా కాదు, గీతా హరిహరన్ గారని రచయిత్రి, ఆవిడ కొడుకు పేరు మీద రిజర్వ్ బ్యాంకు బాండ్లు కొనబోతే తండ్రి సంతకం తెమ్మన్నారు, ఆవిడ సుప్రీంకోర్టుదాకా వెళ్లారు, తండ్రి బతికున్నా సరే బిడ్డ బాగోగులు చూస్తున్నది అమ్మే అయితే అమ్మే గార్డియన్ కావచ్చని 1999లో తీర్పొచ్చింది. అది జరిగి పాతికేళ్లు దాటినా కౌంటర్లో అదే ప్రశ్న. నేను ఇవేవీ అక్కడ లెక్చర్ ఇవ్వలేదులెండి. లోపల కూర్చున్న పోస్ట్‌మాస్టర్ గారి దగ్గరికి వెళ్లి డివోర్స్ డిక్రీ, కస్టడీ ఆర్డర్, రెండో మ్యారేజ్ సర్టిఫికెట్ జిరాక్సులు పెట్టా. ఆవిడ రెండు నిమిషాలు చదివి, పేరు ఎలా మారిందో తెలుస్తోంది కదా ఇంకేం కావాలి అని సంతకం పెట్టేశారు. ఆవిడకి ఐదుకి ఐదు. కౌంటరుకి ఒకటి.

మావారే తెరుద్దాం అనుకున్నారు మొదట, ప్రేమతోనే. కుదరదు. సవతి తండ్రి గార్డియన్ కాడు, దత్తత తీసుకుంటేనో కోర్టు గార్డియన్‌గా నియమిస్తేనో తప్ప. తాతలూ అమ్మమ్మలూ తెరిచిన పాత అకౌంట్లు కూడా, వాళ్లు లీగల్ గార్డియన్లు కాకపోతే, అమ్మానాన్నల పేరుకి మార్చాలని 2024 అక్టోబర్ నుంచి రూల్ పెట్టారు. ఇది మీలాంటి మాలాంటి వాళ్లు తప్పకుండా చూసుకోవాల్సిన పాయింటు, ఎందుకంటే విడాకుల గొడవల టైములో చాలామంది పిల్లలు అమ్మమ్మ ఇంట్లోనే ఉంటారు, పాపం ఆ అమ్మమ్మే పాప పేరున ఏదో ఒకటి కట్టిపెట్టి ఉంటుంది.

ఇంకోటి, ఒక పాపకి ఒక్కటే అకౌంట్. విడిపోయేముందు పాప నాన్న తరఫు వాళ్లు ఎక్కడన్నా తెరిచి ఉంటే మీరు ఇంకోటి తెరిచినా అది చెల్లదు, కాబట్టి ముందు అడగండి, మొహమాటపడకుండా అడగండి. ఇంటికి ఇద్దరు ఆడపిల్లలకే అనే రూల్ కూడా ఉంది, కవలలు పుడితే తప్ప. రూల్లో ఫ్యామిలీ అంటే ఒక మనిషి, వాళ్ల భార్య లేదా భర్త, వాళ్ల పిల్లలు అని రాసుంది. ఆయనకి ఇద్దరు, ఈవిడకి ఇద్దరు ఆడపిల్లలున్న ఇళ్లు ఉంటాయని ఆ రాసినాయనకి తట్టినట్టు లేదు. అలాంటివాళ్లు తెరవకముందే హెడ్ పోస్టాఫీసులో కాగితం మీద అడిగి తెలుసుకోండి, నోటిమాట నమ్మకండి.

అన్నిటికన్నా నన్ను కలవరపెట్టిన విషయం, నాకేమన్నా అయితే? అప్పుడు గార్డియన్ అయ్యేది పాప వాళ్ల నాన్నే, ఆయన బతికున్నాడు కాబట్టి. రోజూ స్కూలుకి దింపే మావారు కాదు. మావారు గార్డియన్ కావాలంటే కోర్టుకి వెళ్లాలి. నాకు ఇది మింగుడు పడలేదు గానీ, డబ్బు మాత్రం ఎటూ పోదు, పాప పేరు మీదే ఉంటుంది, 18 దాటాక పాపే చూసుకుంటుంది, అది ధైర్యం.

వడ్డీ సంగతి. 2024 జనవరి నుంచి 8.2 శాతం. 2015 జనవరిలో స్కీమ్ పెట్టినప్పుడు 9.1 ఉండేది, మధ్యలో 2020 నుంచి 7.6కి పడి మళ్లీ లేచింది. మూడు నెలలకోసారి గవర్నమెంటు ప్రకటిస్తుంది కాబట్టి ఇదే రేటు చివరిదాకా ఉంటుందని ఎవరన్నా చెప్తే నమ్మకండి. కొత్త ట్యాక్స్ రిజీమ్‌లో ఉన్నవాళ్లకి కట్టిన డబ్బు మీద ట్యాక్స్ తగ్గింపు ఎలాగూ లేదు, వచ్చే వడ్డీ మీద ట్యాక్స్ లేకపోవడం మాత్రం అందరికీ ఉంది.

భరణం మీద బతికే ఇళ్లకి ఇక్కడో మెలిక ఉంది. నెల 5వ తేదీ నుంచి నెలాఖరుదాకా ఎంత తక్కువ నిల్వ ఉందో దాని మీదే ఆ నెల వడ్డీ లెక్కేస్తారు. అంటే 5 లోపు పడితేనే ఆ నెల లెక్కలోకి వస్తుంది. మా ఆర్డర్లో కూడా 5వ తేదీలోపు ఇవ్వాలనే ఉంది, పాప వాళ్ల నాన్న వేసేది మాత్రం ఏ 11నో 14నో, ఒక్కోసారి రెండు నెలలది కలిపి. కాబట్టి నేనేం చేస్తానంటే ఆయన డబ్బు కోసం ఆగను, నా జీతం 1న పడుతుంది, 2నే 3 వేలు కట్టేస్తా, ఆయనది వచ్చినప్పుడు నా అకౌంట్లో ఉంచుకుంటా. ఆయన ఎగ్గొట్టిన నెల కూడా పాపకి ఆగదు. పిల్లకి ఈ లేటు విషయం తెలియాల్సిన పని కూడా లేదు.

ఎగ్గొడితే ఏం చెయ్యాలో కూడా చెప్పేస్తా, అడిగేవాళ్లు ఉంటారు. మా ఆర్డర్ పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లో భరణం గురించిన సెక్షన్ 125 కింద వచ్చింది, 2024 జూలై 1 నుంచి దాని బదులు వచ్చిన బీఎన్ఎస్ఎస్ అనే కొత్త చట్టంలో అదే సెక్షన్ 144 అయింది. బకాయి పడిన ఏడాదిలోపే వసూలుకి పిటిషన్ వేసుకోవాలి, ఏడాది దాటితే ఆ దారి మూసుకుపోతుంది, కాబట్టి చేతికి క్యాష్ తీసుకోకండి, బ్యాంకులోనే వేయించుకోండి, ఏ నెల పడింది ఏ నెల పడలేదు అనేది స్టేట్‌మెంటే చెప్తుంది. లాయర్ ఫీజుకి భయపడక్కర్లేదు, ఆడవాళ్లకీ పిల్లలకీ ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా లాయర్‌ని పెడుతుంది, హెల్ప్‌లైన్ 15100.

నేను రెండో పెళ్లి చేసుకున్నాక భరణం ఆగిపోతుంది కదా అని మా చుట్టాల్లోనే చాలామంది అన్నారు. నాకు వచ్చేది ఆగింది, అది కరెక్టే. పాపది ఆగదు. పాప నాన్న మారలేదు కదా. మావారి మీద ఆ 144 ఏ బాధ్యతా పెట్టలేదు, ఆయన పాపకి కొనే పుట్టినరోజు గౌను అయినా సైకిల్ అయినా ఆయన ఇష్టంతో కొనేదే. అయితే పాప వాళ్ల నాన్న కూడా మళ్లీ పెళ్లి చేసుకున్నాడు, ఇప్పుడు వాళ్లకో చంటిబిడ్డ, తగ్గించమని పిటిషన్ వేస్తానంటున్నాడు. 2017లో సుప్రీంకోర్టు ఒక బెంగాల్ కేసులో, నికర జీతంలో పావు వంతు భార్యకి ఇవ్వడం సబబే అంటూనే, ఆయనకి రెండో పెళ్లయి బిడ్డ ఉన్నాడని 23 వేలని 20 వేలు చేసింది, వాళ్ల లాయర్ అదే పట్టుకుని తిరుగుతున్నాడట. నాకు కోపం రావాలి, వచ్చింది కూడా, కానీ మావారు కూడా అవతలివాళ్లకి ఇదే మాట చెప్పుకోవచ్చు కదా, బాబు 8 వేలు తగ్గించమని. చెప్పుకోలేదు ఆయన. ఆ రాత్రి ఇద్దరం దాని గురించే మాట్లాడుకున్నాం, తగ్గించే ఆలోచన మనింట్లో ఎవరూ చెయ్యకూడదని.

పాప వాళ్ల నాన్న ఇంకో మాట కూడా పంపాడు, నీ అకౌంట్లో వెయ్యను, 6 వేలూ నేనే నేరుగా సుకన్యలో కట్టేస్తా అని. ఒప్పుకోలేదు. ఆర్డర్ నా అకౌంట్‌కి అని ఉంది, పైగా 18 దాకా తియ్యలేని చోట మొత్తం పడేస్తే పాపకి రేపు పాలు ఎవరు పోస్తారు? దానికి బదులు ఏప్రిల్‌లో వడ్డీ ఎంట్రీ పడ్డాక పాస్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపా, ఒక్క మాట రాయకుండా. బండి ఈఎంఐ మాట మళ్లీ వినపడలేదు. అదే పేజీ అత్తయ్యగారికీ చూపించా, ఆవిడ కళ్లజోడు పెట్టుకుని అంకె చదివి, "ఇదంతా మన పిల్లదేనా" అన్నారు. మీ వాళ్లది అనేది కాస్తా మన పిల్ల అయింది.

లెక్క కావాలన్నవాళ్లకి: పాపకి ఎనిమిదేళ్లప్పుడు మొదలుపెట్టి నెలకి 3 వేల చొప్పున పదేళ్లు కడితే మనం కట్టేది 3 లక్షల 60 వేలు, రేటు ఇలాగే ఉంటే 18 వచ్చేసరికి సుమారు ఐదున్నర లక్షలు. సెక్షన్ 144 భరణం ఆరోగ్యంగా ఉన్న పిల్లలకి 18తో ఆగిపోతుంది, పెళ్లికాని కూతురికి తర్వాత కూడా 1956 హిందూ దత్తత, భరణ చట్టం కింద అడిగే హక్కుంది గానీ అది వేరే కేసు, వేరే తిరుగుడు. సరిగ్గా ఆ నెలవారీ డబ్బు ఆగే వయసుకే ఇందులో సగం చదువుకి చేతికొస్తుంది, ఒకేసారి కాకుండా ఏడాదికోసారి చొప్పున ఐదేళ్లు తీసుకోవచ్చు. తెరిచినప్పటి నుంచి 15 ఏళ్లు కట్టాలి కాబట్టి 18 తర్వాత ఏడాదికి 250 అయినా వేస్తుండాలి, లేకపోతే ఏడాదికి 50 రూపాయల పెనాల్టీ. మొత్తం చేతికి రావడం మాత్రం తెరిచిన 21 ఏళ్లకి, లేదా 18 దాటాక పాప పెళ్లికి.

ఇప్పుడు నాకు నచ్చనిది. బాబుకి ఇలాంటిది లేదు. సుకన్య ఆడపిల్లలకే. సెలవులకి వచ్చినప్పుడు వాడు ఆ పాస్‌బుక్ చూసి "నాకేది నాన్నా" అన్నాడు, తొమ్మిదో ఏట పిల్లాడికి ఏం చెప్తాం, బేటీ బచావో, అంటే ఆడపిల్లని కాపాడండి అని? మైనర్ పేరున పీపీఎఫ్ (గవర్నమెంటుదే, ఏళ్ల తరబడి కట్టే పొదుపు) ఉంది, వడ్డీ 7.1, కానీ అది తండ్రి సొంత పీపీఎఫ్‌తో కలిపి ఏడాదికి లక్షన్నరే, పైగా మావారిది ఇప్పటికే ఉంది. చివరికి అదే పోస్టాఫీసులో బాబు పేరున ఐదేళ్ల ఆర్‌డీ (నెలనెలా కట్టే డిపాజిట్) వేశాం, నెలకి వెయ్యి, వడ్డీ 6.7, గార్డియన్ మావారు. ఇక్కడ నేను కాను, సవతి తల్లికీ అదే రూలు. ఆ వెయ్యి భరణం 8 వేలలోంచి కాదు, దాని పైన. నా కూతురికి 8.2, ఆయన కొడుక్కి 6.7, అదీ ఐదేళ్లకే చేతికొచ్చే డబ్బు, ఎవరైనా అడిగితే గట్టిగా ఉండాల్సింది మేమే. గవర్నమెంటు తేడా పెట్టింది, దాన్ని ఇంట్లో సర్దుకోవాల్సింది మాత్రం మావారూ నేనూ.

రేటింగ్ అంటే ఐదుకి మూడున్నర ఇస్తా. అకౌంట్‌కి నాలుగున్నర, కౌంటర్ దగ్గర పడిన పాట్లకీ బాబు విషయానికీ ఒకటి తీసేశా. ఊరు మారితే అకౌంట్ దేశంలో ఏ పోస్టాఫీసుకైనా, సుకన్య ఉన్న ఏ బ్యాంకుకైనా మార్చుకోవచ్చు, విడాకుల తర్వాత పుట్టింటికో ఉద్యోగానికో ఊళ్లు మారేవాళ్లకి అది బాగుంటుంది. తెరవడానికి వెళ్లేవాళ్లు డిక్రీ, కస్టడీ ఆర్డర్, పేరు మారిన కాగితం జిరాక్సులు రెండేసి సెట్లు తీసుకెళ్లండి, ఒరిజినల్ కౌంటర్లో వదిలి రాకండి, పెన్షన్ల రోజుల్లో వెళ్లకండి. తర్వాత నెలనెలా కట్టడానికి వెళ్లక్కర్లేదు, ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ యాప్‌లో డీఓపీ (తపాలా శాఖ) ప్రొడక్ట్స్ అని ఉంటుంది, అందులో సుకన్య నొక్కి అకౌంట్ నంబరు, కస్టమర్ ఐడీ కొడితే ఇంటి నుంచే పడిపోతుంది. 5వ తేదీ రాత్రిదాకా ఆగకండి, సర్వర్ మొరాయిస్తే ఆ నెల వడ్డీ పోయినట్టే, నేను 2నే కట్టేస్తా.